అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని: రెండు పాత కార్ల కొలతలు, పనితీరు

హిందుస్థాన్ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో భారతదేశపు రోడ్ల మీద ఎక్కువగా తిరిగిన కార్లు. మొదటిది ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణికి, రెండోది ఇటలీకి చెందిన ఫియట్ 1100కు భారతీయ రూపాలు. అంబాసిడర్ 1957 ప్రాంతం నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. ఫియట్ 1100 డి నమూనా 1964లో బొంబాయి కుర్లా కర్మాగారంలో మొదలై, 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది. 1974లో ప్రీమియర్ పద్మిని అయి, 2000 ప్రాంతం దాకా కొనసాగింది. కంపెనీ ఏ పేరు పెట్టినా జనం చివరిదాకా దాన్ని ఫియట్ అనే పిలిచారు.

ఇంజన్ పరిమాణం చూస్తే అంబాసిడర్‌ది 1489 సి.సి., పద్మినిది 1089 సి.సి. పొడవులో దాదాపు 40 సెంటీమీటర్లు, బరువులో రెండు క్వింటాళ్లకు పైగా తేడా ఉంది. స్వేచ్ఛగా నడిచే మార్కెట్లో అయితే ఇవి రెండు వేర్వేరు తరగతుల కార్లు, వీటిని పక్కపక్కన పెట్టి బేరీజు వేసేవారే ఉండరు. లైసెన్సుల కాలంలో మాత్రం కారు కొనదలచినవారికి ఈ రెంటిలో ఒకటే దిక్కు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మూడోదే అయినా సంఖ్యలో బాగా వెనకబడి ఉండేది. ఈ కారణంగానే రెండు తరాల పాటు యజమానులు, డ్రైవర్లు, మెకానిక్కులు ఈ రెంటినీ పోల్చి వాదించుకున్నారు.

పుట్టుపూర్వోత్తరాలు

బి.ఎం. బిర్లా 1942లో హిందుస్థాన్ మోటార్స్‌ను స్థాపించారు. మొదట గుజరాత్‌లోని ఓఖా రేవులో కార్ల విడిభాగాలను బిగించిన ఆ సంస్థ, స్వాతంత్ర్యం వచ్చాక ఉత్తర్‌పారాకు తరలింది. బ్రిటన్‌లోని మోరిస్ సంస్థతో ఒప్పందం మీద హిందుస్థాన్ 10, హిందుస్థాన్ 14, ల్యాండ్‌మాస్టర్ వరసగా వచ్చాయి. వాటి తర్వాతది అంబాసిడర్. దీని మాతృక ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి ఇంగ్లండులో 1956 నుంచి 1959 దాకా, అంటే మూడేళ్లే బతికింది. అదే ఒడ్డూ పొడుగూ ఉన్న కారు ఇక్కడ అర్ధశతాబ్దం దాటి నడిచింది.

వాల్‌చంద్ హీరాచంద్ 1944లో నెలకొల్పిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ తొలుత అమెరికాకు చెందిన క్రైస్లర్ సంస్థ డాడ్జ్, ప్లిమత్ వాహనాలను బిగించింది. తర్వాత ఫియట్‌తో చేతులు కలిపింది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుల మేరకు, దేశంలో క్రమంగా తయారీ చేపట్టే సంస్థలకే ప్రభుత్వం చోటిచ్చింది. కేవలం భాగాలు తెచ్చి బిగించే జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. మిగిలినవారికి పోటీ లేదు. కొత్త యంత్రాలు తెచ్చుకోవడానికి విదేశీ మారకం దొరికేది కాదు. 1969లో కార్ల ధరల మీద చట్టబద్ధ నియంత్రణ కూడా వచ్చింది. ఈ రెండు కార్లు ఎందుకు మారలేదనే ప్రశ్నకు సమాధానంలో చాలా భాగం ఇక్కడే ఉంది.

పద్మిని ఇంజన్ వయసు ఆ కారు వయసు కంటే చాలా ఎక్కువ. 68 మి.మీ. వ్యాసం, 75 మి.మీ. స్ట్రోకు గల ఆ 1089 సి.సి. యంత్రం 1937 నాటి ఫియట్ 508 సి కారులోది. దాన్ని డాంటే జియాకోసా బృందం రూపొందించింది. 1953లో వచ్చిన ఫియట్ 1100-103కు ఒళ్లంతా కొత్తది తొడిగారు, గుండె మాత్రం పాతదే ఉంచారు. 1100 డి వచ్చేసరికి ఇటలీలో ఇంజన్‌ను 1221 సి.సి.కి పెంచారు. కుర్లాలో పాత 1089తోనే సరిపెట్టారు. అంబాసిడర్ వైపు చూస్తే, తొలి బండ్లలో పక్క వాల్వుల పాతకాలపు 1476 సి.సి. ఇంజన్ ఉండేది. 1959లో దాని స్థానంలో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ 1489 సి.సి. ఇంజన్ వచ్చింది. వాల్వులు సిలిండర్ల నెత్తి మీదికి చేరాయి. ఈ వ్యాసంలోని పోలికలకు ఆధారం ఈ 1489 సి.సి. అంబాసిడరూ, 1089 సి.సి. పద్మినీ.

ఒడ్డూ పొడుగూ

అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లకు కాస్త ఎక్కువ, వెడల్పు సుమారు 1.66 మీటర్లు, ఎత్తు 1.6 మీటర్లు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2.46 మీటర్లు. పద్మిని పొడవు 3.93 మీటర్లు, వెడల్పు 1.46 మీటర్లు, ఎత్తు కూడా దాదాపు అంతే, ఇరుసుల మధ్య దూరం 2.34 మీటర్లు. బరువు అంబాసిడర్‌ది 1,120 కిలోల దరిదాపు, పద్మినిది 895 కిలోలు.

వీటిలో కూర్చునేవారికి తేడాగా తోచేది పొడవు కాదు, వెడల్పు. ఆ 20 సెంటీమీటర్ల తేడా వల్ల అంబాసిడర్ వెనక సీట్లో ముగ్గురు భుజాలు రాసుకోకుండా కూర్చోగలరు. పద్మినిలో మూడో మనిషి ఒకవైపు ఒరగవలసిందే. ముందు సీటు రెంటిలోనూ అడ్డంగా పరిచిన ఒకే బల్ల. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండడంతో నేల మీద అడ్డు లేదు, ముందు కూడా ముగ్గురు పట్టేవారు. అంబాసిడర్ అయిదుగురి కారని పత్రాల్లో రాసి ఉన్నా, అద్దెకు తిరిగే బండిలో ఎనిమిది మందిని, పిల్లల్ని లెక్కలో వేయకుండా ఎక్కించడం తెలుగు జిల్లాల్లో మామూలు సంగతి. వెనక తలుపు వెడల్పు, సీటు ఎత్తు. పంచెకట్టుతోనో పట్టుచీరతోనో వంగకుండా ఎక్కి దిగవచ్చు. మంత్రుల కారుగా, పెళ్లికారుగా దానికి దక్కిన స్థానంలో ఈ సౌకర్యం పాత్ర తక్కువేమీ కాదు. డిక్కీ లోతైనది. దూర ప్రయాణాలకు పైన క్యారియర్ కూడా బిగించుకునేవారు.

రెంటికీ వేరే ఛాసిస్ లేదు. రేకు కట్టడమే ఎముకల గూడు. ఇది వాటి కాలానికి ఆధునికమైన పద్ధతే. అంబాసిడర్ రేకు మందం, మూలలు గుండ్రం. చిన్నచిన్న దెబ్బలు తగిలితే సుత్తితో సరిచేసుకునే వీలుండేది. పద్మిని పలుచన, గీతలు పదును. వెనక రెక్కల్లా పైకి తేలిన అంచులు, పక్కల మెరుపు పట్టీలు 1960ల ఇటాలియన్ సొగసుకు గుర్తులు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు రెంటినీ తినేది. నేల రేకు, తలుపుల అడుగు అంచు మొదట పోయేవి. సొంత గూడే ఆధారమైన కట్టడంలో ఈ తుప్పు అందానికి మాత్రమే కాదు, బండి బలానికీ ముప్పు.

ఇంజన్లు

రెండూ నాలుగు సిలిండర్ల, నీటితో చల్లబడే, పొడవు స్ట్రోకు ఇంజన్లు. రెంటి క్రాంక్‌షాఫ్ట్‌నూ మూడేసి బేరింగులే మోస్తాయి. కామ్‌షాఫ్ట్ పక్కన కింద ఉండి, పొడుగు కడ్డీల ద్వారా పైనున్న వాల్వుల్ని తెరుస్తుంది. అయినా స్వభావంలో తేడా స్పష్టం.

అంబాసిడర్ సిలిండర్ వ్యాసం 73 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. దీని శక్తి దాదాపు 50 హార్స్‌పవర్, అది నిమిషానికి 4,200 చుట్ల దగ్గర వస్తుంది. పద్మిని 40 హార్స్‌పవర్ అటూఇటూ, 4,800 చుట్ల దగ్గర. లీటరు లెక్కన అంబాసిడర్‌కు 33.6, పద్మినికి 36.7 హార్స్‌పవర్ పడుతుంది. చిన్న ఇంజనే తన పరిమాణానికి తగిన దానికంటే ఎక్కువ పని చేస్తోందన్నమాట. చుట్లు తక్కువ కాబట్టి అంబాసిడర్ ఇంజన్ మీద ఒత్తిడి తక్కువని అనిపిస్తుంది గానీ, పిస్టన్ వేగం లెక్క గడితే అలా తేలదు. గరిష్ఠ శక్తి దగ్గర అంబాసిడర్ పిస్టన్ సెకనుకు సగటున 12.4 మీటర్లు, పద్మిని పిస్టన్ 12 మీటర్లు కదులుతాయి. స్ట్రోకు పొడవైనందువల్ల మొదటిది తక్కువ చుట్లలోనే అంత దూరం నడుస్తుంది. ఆ లెక్కన రెంటి శ్రమా సమానం.

పాత కార్ల హార్స్‌పవర్ అంకెల్ని పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అంబాసిడర్‌కు కొన్ని పత్రాల్లో 55 అని, కొన్నింటిలో 50 అని కనిపిస్తుంది. ఫియట్ అంకెలూ ఇలాగే మారుతుంటాయి. ఫ్యాను, డైనమో, సైలెన్సర్ వంటివి తీసేసి ఇంజన్‌ను ఒంటరిగా బల్ల మీద పెట్టి కొలిచే అమెరికన్ పద్ధతిలో అంకె పెద్దదిగా వస్తుంది. అన్నీ తగిలించి కొలిచే జర్మన్ పద్ధతిలో చిన్నదిగా వస్తుంది. ఒక కారుకు ఒక పద్ధతి అంకె, రెండో కారుకు మరో పద్ధతి అంకె తీసుకుని తీర్పు చెప్పడం వాదనలకు పనికొస్తుంది, కొలతకు పనికిరాదు. దీనికి తోడు నాటి భారతీయ పెట్రోలు ఆక్టేన్ తక్కువది. ఎక్కువ నొక్కుడు పెడితే ఇంజన్ టకటకమని కొట్టుకునేది. అందుకని చాలాకాలం రెంటిలోనూ కంప్రెషన్ నిష్పత్తి 8:1 లోపే ఉంచారు. విదేశాల్లోని సోదర కార్ల కంటే ఇక్కడివి నీరసంగా ఉండడానికి ఇదొక కారణం.

సిలిండర్ హెడ్ దగ్గర మరో ముఖ్యమైన తేడా కనిపిస్తుంది. ఫియట్ హెడ్ అల్యూమినియంది, బి-సిరీస్ హెడ్ పోత ఇనుముది. అల్యూమినియం బరువు తక్కువ, వేడిని త్వరగా వదులుతుంది. రేడియేటర్లో నీళ్లు ఉన్నంతసేపు అదే మేలు. నీళ్లు అయిపోయాక కూడా బండి తోలితే హెడ్ వంగిపోతుంది, గాస్కెట్ పోతుంది, నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. ఇనుప హెడ్ ఈ అశ్రద్ధను కొంతదాకా ఓర్చుకుంటుంది. అంబాసిడర్‌కు ‘మొండి బండి’ అన్న పేరు రావడంలో ఈ పోత ఇనుము వంతు ఉంది.

కార్బొరేటర్ల తీరూ వేరు. ఫియట్‌ది సోలెక్స్. గాలి దారి వెడల్పు మారదు, పెట్రోలును కొలిచి వదలడానికి వేర్వేరు జెట్లు ఉంటాయి. ఒక జెట్టులో నలక పడితే తీసి ఊది పెట్టడం డ్రైవరుకు వచ్చిన విద్యే. అంబాసిడర్లో చాలాకాలం వాడిన ఎస్.యు. కార్బొరేటర్లో జెట్టు ఒక్కటే. గాలి పీల్పును బట్టి లోపలి పిస్టన్ పైకి లేస్తుంది, దాని కొసకున్న సన్నని సూది కూడా లేచి జెట్టు సందును పెంచుతుంది. సూది కొసకు పోయేకొద్దీ సన్నబడి ఉంటుంది కాబట్టి ఎంత లేస్తే అంత పెట్రోలు. పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా పై గొట్టంలో కొద్దిగా ఆయిల్ పోయాలి. అది ఎండిపోయిందని గమనించక, యాక్సిలరేటర్ తొక్కగానే బండి దగ్గుతోందని ప్లగ్గులు, పాయింట్లు మార్చి డబ్బు వదిలించుకున్న యజమానులు ఎందరో. బాగా సర్దిన ఎస్.యు. నెమ్మది వేగంలో కూడా ఒడుదుడుకు లేకుండా లాగుతుంది. సరిగా సర్దగలిగినవారు తక్కువ.

రోడ్డు మీద

శక్తిని బరువుతో భాగిస్తే ఈ పోలికలో అన్నిటికంటే ఆసక్తికరమైన అంకె దొరుకుతుంది. ఖాళీ బండికి టన్నుకు అంబాసిడర్ 44.6 హార్స్‌పవర్, పద్మిని 44.7. ఒక బండికి 400 సి.సి. ఎక్కువున్నా, ఆ ఎక్కువంతా దాని సొంత ఒళ్లు మోయడానికే సరిపోయింది. రెండూ గంటకు 120 కిలోమీటర్ల అటూఇటూ వేగం దగ్గర ఆగిపోవడం, నిలిచిన చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి రెంటికీ సుమారు అర నిమిషం పట్టడం అందుకే. అంబాసిడర్ పెద్ద ఇంజన్ కాబట్టి దానిదే వేగం అనేవారి మాటా, ఫియట్ తేలిక కాబట్టి దానిదే పికప్ అనేవారి మాటా ఖాళీ బండి విషయంలో నిలవవు.

మనుషులు ఎక్కాక లెక్క మారుతుంది. ఒక్కొక్కరు 60 కిలోల చొప్పున అయిదుగురు కూర్చుంటే బండి బరువుకు 300 కిలోలు కలుస్తాయి. పద్మినికి అది తన బరువులో మూడో వంతు. అంబాసిడర్‌కు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. అప్పుడు టన్నుకు అంబాసిడర్‌కు 35, పద్మినికి 33.5 హార్స్‌పవర్ మిగులుతాయి. టార్క్ దగ్గర తేడా ఇంకా పెరుగుతుంది. అంబాసిడర్ టార్క్ సుమారు 100 న్యూటన్ మీటర్లు, పద్మినిది 70కి కాస్త పైన. నిండు బండికి టన్నుకు ఇది 70 న్యూటన్ మీటర్లు, 60 న్యూటన్ మీటర్లుగా తేలుతుంది. పైగా అంబాసిడర్‌కు ఆ బలం తక్కువ చుట్లలోనే అందుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద నిండా మనుషులతో ఎక్కుతున్నప్పుడు గేరు మార్చే అవసరం దానికి తక్కువ. పద్మినిని అదే ఎత్తుకు ఎక్కించాలంటే రెండో గేరులో ఇంజన్‌ను ఏడిపిస్తూ పట్టుకోవాలి. ఊళ్లో ఒకరిద్దరితో, మలుపులూ సందులూ తిరిగేటప్పుడు ఇది తలకిందులవుతుంది. చిన్న బండి, చురుకైన ఇంజన్, తేలికైన క్లచ్చు, ఇవన్నీ పద్మిని పక్షం.

రెంటిలోనూ నాలుగు ముందు గేర్లు, ఒక వెనక గేరు. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. కదులుతున్న బండిని మొదటి గేరులో వేయాలంటే రెండుసార్లు క్లచ్చు తొక్కి, మధ్యలో యాక్సిలరేటర్ ఇచ్చి, చుట్లు కలిపి వేయాలి. లేకపోతే పళ్లు గరగరమంటాయి. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు నుంచి గేరుబాక్సు దాకా కడ్డీలు, కీళ్లు ఉంటాయి. వాటి బుష్షులు అరిగితే ఏ గేరు ఎక్కడుందో చేతికి తెలియదు. ఈ జబ్బు అంబాసిడర్‌కు ఎక్కువగా వచ్చేది. పద్మిని గేరు ఉన్నంతలో నున్నగా పడేది.

స్టీరింగ్ విషయంలో కాగితం ఒకటి చెబుతుంది, చేతులు ఒకటి చెబుతాయి. అంబాసిడర్‌ది ర్యాక్ అండ్ పినియన్, అంటే పళ్ల కడ్డీని చిన్న పళ్లచక్రం నేరుగా జరిపే పద్ధతి. ఆధునిక కార్లన్నిటిలో ఉన్నది అదే. పద్మినిది పాత తరహా మర గేరు పద్ధతి. సిద్ధాంతం ప్రకారం అంబాసిడర్ స్టీరింగే కచ్చితంగా ఉండాలి. కానీ ముందు భాగం బరువు, 15 అంగుళాల చక్రాలు, గ్రీజు పెట్టక బిగుసుకున్న కీళ్లు కలిసి దాన్ని మోటు చేశాయి. నిలిచిన అంబాసిడర్‌ను తిప్పడానికి భుజబలం కావాలి. 14 అంగుళాల చక్రాల పద్మిని రెండు వేళ్లతో కాకపోయినా, ఒక చేత్తో తిరిగేది. కారు నేర్చుకునేవారికి చాలా డ్రైవింగ్ స్కూళ్లు ఫియట్ ఇవ్వడంలో ఈ తేలికదనం ఉంది.

స్ప్రింగుల అమరికలోనే రెండు దేశాల ఆలోచన బయటపడుతుంది. వెనక రెంటికీ కమాన్ పట్టీలే, ఒకే ఇరుసే. ముందు చక్రాలు రెంటిలోనూ విడివిడిగా కదులుతాయి గానీ, పద్మినికి కాయిల్ స్ప్రింగులు, అంబాసిడర్‌కు టార్షన్ బార్లు. టార్షన్ బార్ అంటే బండి పొడవునా పడుకోబెట్టిన ఉక్కు కడ్డీ. ఒక కొస గట్టిగా బిగించి ఉంటుంది, రెండో కొసను చక్రపు చేయి మెలి తిప్పుతుంది. మెలిక విడిపోవాలనుకునే గుణమే స్ప్రింగు పని చేస్తుంది. కాయిల్ విరిగినట్టు ఇది తొందరగా విరగదు, చోటూ తక్కువ తీసుకుంటుంది. ఏళ్లు గడిచి ముందు భాగం వంగితే కడ్డీని సర్ది మళ్లీ ఎత్తు తేవచ్చు. గుంతల రోడ్ల మీద అంబాసిడర్ కుదుపును మింగేసేది. పెద్ద చక్రం, పొడవైన ఇరుసు దూరం, ఎక్కువ బరువు దానికి తోడు. అదే కారు వేగంగా మలుపు తిరిగితే ఒక పక్కకు బాగా ఒరిగేది, వెనక కూర్చున్నవారికి కడుపులో తిప్పేది. పద్మిని గుంతలో పడితే వెనక ఎగిరేది, మలుపులో మాత్రం నేలను అంటిపెట్టుకునేది. తోలేవాడి కారు పద్మిని, కూర్చునేవాడి కారు అంబాసిడర్ అనే పాత మాటకు ఆధారం ఇదే. అది సరైన మాటే.

బ్రేకులు రెంటికీ నాలుగు చక్రాల మీదా డ్రమ్ములే, హైడ్రాలిక్ పద్ధతే. ఒకే కొలత వేగంలో 225 కిలోలు ఎక్కువున్న బండిని ఆపడానికి అంత ఎక్కువ శక్తిని వేడిగా మార్చాలి. ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు కాలి పట్టు తగ్గడం అంబాసిడర్‌కు ముందు వచ్చేది. ఇంజన్ బ్రేకు వాడని డ్రైవరుకు అది ప్రమాదం. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు చివరి కాలపు అంబాసిడర్లకు గానీ రాలేదు. సీటు బెల్టులు, కుదించుకునే స్టీరింగ్ స్తంభం వంటివి రెంటి మౌలిక రూపకల్పనలోనూ లేవు. మందమైన రేకు వల్ల అంబాసిడర్ భద్రమైనదన్న నమ్మకం ఊళ్లలో ఇప్పటికీ ఉంది. ఢీకొన్నప్పుడు నలిగి తాకిడిని మింగే ముందు భాగం లేని కారులో, గట్టిదనం ఆ తాకిడిని లోపలివారికే చేరుస్తుంది.

ఖర్చు, మరమ్మతు

మామూలు వాడకంలో లీటరు పెట్రోలుకు అంబాసిడర్ 8 నుంచి 10 కిలోమీటర్లు, పద్మిని 11 నుంచి 13 దాకా ఇచ్చేవి. 1973 చివర్లో అరబ్ దేశాలు చమురు బిగించాక పెట్రోలు ధర పెరిగి, ఈ రెండు మూడు కిలోమీటర్ల తేడాయే చాలామంది నిర్ణయాన్ని మార్చింది. సొంత డబ్బుతో కొని సొంతంగా తోలుకునే డాక్టరు, లాయరు, ఉద్యోగి ఫియట్ వైపు మొగ్గారు. పెట్రోలు ఖర్చు మరొకరు భరించే చోట, అంటే ప్రభుత్వంలో, కంపెనీల్లో, అంబాసిడర్ పాతుకుంది. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉండగా కుటుంబం కోసం కొన్నది ఫియట్ కారే. 12 వేల రూపాయల ధరకు చేతిలో డబ్బు చాలక పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5 వేలు అప్పు తీసుకున్నారు. 1960, 70లలో ఫియట్ కోసం నిరీక్షణ జాబితా అంబాసిడర్ జాబితా కంటే పొడుగ్గా ఉండేది. చేతికొచ్చిన కొత్త బండిని కొన్నధర కంటే ఎక్కువకు అమ్ముకునే వ్యాపారం కూడా నడిచింది.

మరమ్మతు సులువుదనంలో రెండూ ఈనాటి కార్లకు అందనంత ఎత్తులో ఉన్నాయి. బానెట్ ఎత్తితే ఇంజన్ చుట్టూ చేతులు పెట్టేంత ఖాళీ. డిస్ట్రిబ్యూటర్, కాయిల్, పంపు, డైనమో అన్నీ కళ్లెదుటే. బ్యాటరీ పడుకుంటే అంబాసిడర్‌కు ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పి లేపేవారు. వేసవిలో రెంటికీ ఒకే బాధ వచ్చేది. ఇంజన్ పక్కనున్న పంపు కాలి, గొట్టంలో పెట్రోలు ఆవిరై, బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. పంపు మీద తడిగుడ్డ చుట్టి, కాసేపు చెట్టు నీడన ఆగితే మళ్లీ నడిచేది. మండు వేసవిలో కోస్తా, తెలంగాణ డ్రైవర్ల దగ్గర ఆ గుడ్డ, నీళ్ల డబ్బా ఎప్పుడూ ఉండేవి.

సులువుగా బాగవుతుందన్న పేరు వెనక తరచు పాడవుతుందన్న నిజం దాగి ఉంది. పాయింట్లు రాపి గ్యాపు సర్దడం, టాపెట్లు సర్దడం, ముందు చక్రాల కీళ్లకు గ్రీజు కొట్టించడం కొద్ది వేల కిలోమీటర్లకోసారి తప్పని పనులు. ముఖ్యంగా అంబాసిడర్ ముందు కీళ్లకు గ్రీజు అందకపోతే కింగ్‌పిన్నులు అరిగి చక్రాలు ఊగేవి. దాని ముందు షాకబ్జర్లు గొట్టం తరహావి కాక చేయి తరహావి. లోపలి ఆయిల్ కారిపోతే పడవలో కూర్చున్నట్టే. తయారీ నాణ్యత కాలం గడిచేకొద్దీ తగ్గింది. ఒక దశ దాటాక అచ్చులు అరిగిపోయి, తలుపులకూ గూడుకూ మధ్య సందులు ఒక్కో బండికి ఒక్కోలా వచ్చేవి. కొత్త కారు షోరూము నుంచి నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లి బిగింపులన్నీ సరిచూసుకునే ఆచారం ఆనాడు ఉండేదంటే ఈనాటి కొనుగోలుదారు నమ్మడు.

డీజిల్, ఆలస్యపు మార్పులు

పెట్రోలు బండిగా వెనకబడ్డ అంబాసిడర్‌కు ప్రాణం పోసింది డీజిల్. 1980 ప్రాంతంలో అదే బి-సిరీస్ కుటుంబానికి చెందిన 1489 సి.సి. డీజిల్ ఇంజన్‌తో వచ్చిన అంబాసిడర్ భారతదేశంలో తయారైన తొలి డీజిల్ కారు. దాని శక్తి 37 హార్స్‌పవర్. అంటే పెట్రోలు పద్మిని కంటే తక్కువ. చప్పుడు, పొగ, అదురు ఎక్కువ. కానీ డీజిల్ చవక, మైలేజీ ఎక్కువ. అద్దె కార్ల వ్యాపారానికి ఇంతకంటే కావలసింది లేదు. పద్మినికి డీజిల్ రూపం 1990లలో గానీ రాలేదు. ఇటలీ నుంచి తెచ్చిన 1366 సి.సి. ఇంజన్‌తో 137 డి పేరుతో అది వచ్చేసరికి పొద్దుపోయింది.

అసలు దెబ్బ 1983 డిసెంబరులో మారుతి 800 రూపంలో పడింది. మూడు సిలిండర్ల 796 సి.సి. ఇంజన్ శక్తి పద్మిని కంటే కాస్త తక్కువే. కానీ బండి బరువు 650 కిలోల దరిదాపు. టన్నుకు 55 హార్స్‌పవర్ దాటింది. సి.సి. పెంచి కాక, బరువు తగ్గించి చురుకుదనం సాధించవచ్చని కొన్నవారికి తెలిసిపోయింది. లీటరుకు వచ్చే దూరం, సాఫీగా పడే గేర్లు, ఉదయం ఒక్క తాళం చెవి తిప్పుడుకే లేచే ఇంజన్ చూశాక సొంతంగా తోలుకునేవారు ఫియట్‌ను వదిలారు. అందువల్ల మారుతి మొదట దెబ్బతీసింది పద్మినిని. అంబాసిడర్ కొనేవారు వేరు కాబట్టి దానికి ఇంకొంత కాలం గడిచింది.

1990ల మొదట్లో అంబాసిడర్‌కు జపాన్ ఇసుజు రూపొందించిన 1817 సి.సి. పెట్రోలు ఇంజన్, అయిదు గేర్ల బాక్సు అమర్చారు. గేరు రాడ్డు నేల మీదికి దిగింది. శక్తి 75 హార్స్‌పవర్‌కు చేరి, ఆ బండి తన చరిత్రలో తొలిసారి వేగంగా నడిచింది. 1950ల స్ప్రింగులు, బ్రేకుల మీద ఆ వేగాన్ని మోపడం ఎంతవరకు వివేకమన్నది వేరే సంగతి. తర్వాత 1995 సి.సి. ఇసుజు డీజిల్ కూడా వచ్చింది. పద్మినికి చివరి రోజుల్లో నిస్సాన్ తరహా గేరుబాక్సు, నేల గేరు, విడివిడి ముందు సీట్లు ఇచ్చారు. ఇంజన్ మాత్రం 1937 నాటి కొలతలతోనే ఆగిపోయింది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం 1993లో కార్ల తయారీకి లైసెన్సు నిబంధన ఎత్తివేశాక కొత్త కంపెనీలు వరసకట్టాయి, ఈ సవరణలకు విలువ లేకుండా పోయింది.

టాక్సీలుగా రెండూ తమ కర్మాగారాల చుట్టే చివరిదాకా నిలిచాయి. కుర్లా ఉన్న ముంబైలో నలుపు పసుపు పద్మినీలు, ఉత్తర్‌పారా పక్కనున్న కలకత్తాలో పసుపు అంబాసిడర్లు. ఇరుకు సందుల్లో సులువుగా తిరగడం, పెట్రోలు పొదుపు ముంబైకి నప్పాయి. సామాను, పెద్ద కుటుంబాలు, గతుకులు కలకత్తాకు అంబాసిడర్‌నే కోరాయి. ముంబైలో టాక్సీ వయసు 20 ఏళ్లు దాటరాదన్న నియమం వల్ల, 2003 అక్టోబరు 29న నమోదైన చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరుతో రోడ్డు దిగింది.

ఇప్పుడు పాత కారు కొని ఉంచుకోదలచినవారికి, సొంతంగా తోలే ఆనందం ముఖ్యమైతే పద్మిని, ఇంటిల్లిపాదితో నెమ్మదిగా తిరగాలనుకుంటే 1489 సి.సి. పెట్రోలు అంబాసిడర్ తగినవి. వేగం కోసమైతే రెంటిలో ఏదీ కాదు. ఏది కొన్నా ముందు చూడవలసింది ఇంజన్ కాదు, నేల రేకు. ఇంజన్‌ను రీబోర్ చేయించవచ్చు, తుప్పు పట్టిన గూడును నిలబెట్టడం బండి ధరను మించిన ఖర్చు. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014 మే 24న ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది.